డ్రోన్‌తోనో శాటిలైట్‌తోనో పంట ఆకుల్లో క్లోరోఫిల్ ఫ్లోరసెన్స్ కొలవొచ్చా? మన చేలకి పనికొస్తుందా?

మీరు అడిగింది ఒక ప్రశ్నలా ఉంది గానీ అందులో మూడున్నాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మొక్కజొన్నలో బెట్టని ఫ్లోరసెన్స్‌తో ముందే పట్టుకోవాలి, డిపార్ట్‌మెంట్‌లో ఐదు బ్యాండ్ల (అంటే వెలుగుని ఐదు రంగు పట్టీలుగా చూసే) కెమెరా ఉన్న డ్రోన్ ఉంది, దాంతో అవుతుందా లేక శాటిలైట్ డేటా దించుకోవాలా అని. ముందు చేదు మాట చెప్పేస్తా, ఆ డ్రోన్ కెమెరాతో అవదు. ఎందుకవదో, దేంతో అవుతుందో, అయ్యాక కూడా వచ్చిన అంకెని ఎంతవరకు నమ్మాలో నేను తిన్న దెబ్బలతో సహా చెప్తా. నేను అమెరికాలో ఇల్లినాయ్‌లో మొక్కజొన్న, సోయా చేలల్లో మూడు సీజన్లు ఇదే పని చేశా, మాది తెనాలి దగ్గర ఊరు, నాన్న ఇప్పటికీ మాగాణిలో వరి కోయగానే దున్నకుండా మొక్కజొన్నే వేస్తారు, కాబట్టి అటూ ఇటూ కొంచెం తెలుసు.

అసలు ఈ ఫ్లోరసెన్స్ ఏంటో పుస్తకంలో కాకుండా కళ్లతో చూడాలంటే ఇవాళ రాత్రే చూడొచ్చు. తోటకూరో పాలకూరో గుప్పెడు నూరి, మెడికల్ షాపులో దొరికే స్పిరిట్‌లో కలిపి, వడకట్టి గాజు గ్లాసులో పోయండి (పొయ్యి దగ్గర మాత్రం వద్దు బాబూ, అంటుకుంటుంది). లైట్లు ఆపేసి దొంగ నోట్లు చూసే యూవీ టార్చి ఆ గ్లాసు మీద వేయండి. పచ్చటి నీళ్లు కాస్తా నెత్తురులా ఎర్రగా వెలుగుతాయి. మా అమ్మకి చూపిస్తే ఏదో చేతబడి చేస్తున్నానన్నట్టు చూసింది. అదే టార్చి మామూలు ఆకు మీద వేస్తే ఆ ఎరుపు కంటికి దాదాపు ఆనదు. ఎందుకంటే ఆకులో క్లోరోఫిల్ పట్టుకున్న శక్తికి వెళ్లడానికి వేరే దారులున్నాయి, గ్లాసులో లేవు.

ఆ దారులు మూడు. కొంత చక్కెర తయారీకి పోతుంది, అంటే కిరణజన్య సంయోగక్రియకి, కొంత వేడిగా వదిలేస్తుంది, ఒకటి రెండు శాతం మాత్రం ఎర్రటి వెలుగుగా మళ్లీ బయటికి వస్తుంది, అదే ఫ్లోరసెన్స్. 650 నుంచి 850 నానోమీటర్ల మధ్య వస్తుంది, 685 దగ్గర ఒక శిఖరం, 740 దగ్గర ఇంకోటి. 685 దగ్గరిది ఆకులోని క్లోరోఫిలే మళ్లీ మింగేస్తుంది కాబట్టి బయటపడేది తక్కువ, 740 వైపుది బాగా బయటికొస్తుంది. మూడు దారులూ ఒకే మూట పంచుకుంటాయి కాబట్టి ఒకటి మారితే మిగతావి మారక తప్పదు, మనం చూడలేని చక్కెర దారి సంగతి చూడగలిగే వెలుగు దారి నుంచి ఊహించొచ్చనేది మొత్తం ఈ శాస్త్రం ఆశ. ఆశ అనే అంటున్నా, కారణం కింద వస్తుంది.

ఇప్పుడు కష్టం ఎక్కడంటే, పట్టపగలు ఎండలో ఆ 740, 760 దగ్గర ఆకు తన మీద పడ్డ ఎండలో సగం దాకా వెనక్కి కొట్టేస్తుంది. దాని ముందు ఈ సొంత వెలుగు ఎన్నో పదుల రెట్లు చిన్నది. పెళ్లిలో గట్టిమేళం మోగుతున్నప్పుడు పక్కన కూర్చున్న పిన్ని ఏమందో వినపడదు కదా, మేళం ఒక్క క్షణం ఆగిందంటే చాలు ఆవిడ ఎవరి నగల గురించి మాట్లాడుతోందో అందరికీ వినపడుతుంది. ఎండలో కూడా అలా మేళం ఆగే చోట్లు ఉన్నాయి. సూర్యుడి వెలుగుని విడదీసి చూస్తే మధ్యమధ్యలో నల్లటి గీతలుంటాయి, 1814లో ఫ్రాన్‌హోఫర్ వాటిని ఒక్కొక్కటిగా గుర్తించి లెక్కపెట్టాడు, అందుకే ఆయన పేరే ఉండిపోయింది. కొన్ని గీతలు సూర్యుడిలోనే పుట్టేవి, కొన్ని మన గాలి వల్ల. పంట వాళ్లకి బాగా పనికొచ్చేది 760 దగ్గర ఆక్సిజన్ చేసే లోతైన గొయ్యి, ఆక్సిజన్ ఏ బ్యాండ్ అంటారు, 687 దగ్గర బీ బ్యాండ్ ఇంకోటి. అక్కడ నేలకి చేరే ఎండ బాగా తగ్గిపోతుంది, ఆకు సొంత వెలుగు మాత్రం తగ్గదు, ఆ గొయ్యిని కొంచెం పూడుస్తుంది. ఎంత పూడ్చిందో చూసి ఫ్లోరసెన్స్ లెక్కగట్టే పద్ధతిని 1975లో ప్లాసిక్ అనే ఆయన ప్రచురించాడు, ఇప్పటి పద్ధతులన్నీ ఒకరకంగా దాని మనవళ్లే.

లెక్క తొమ్మిదో క్లాసుది, భయపడక్కర్లేదు. గొయ్యి పక్కన, 758 దగ్గర ఎండ 100 అనుకోండి, ఆకు నుంచి వచ్చింది 51. గొయ్యిలో ఎండ 20, ఆకు నుంచి వచ్చింది 11. రెండు చోట్లా ఆకు ఒకే వంతు వెనక్కి కొడుతుంది, ఒకే అంత వెలుగుతుంది అనుకుంటే, తేడా తీయండి, 80 ఎండకి 40 వచ్చింది, అంటే సగం వెనక్కి కొడుతోంది. 100లో సగం 50, వచ్చింది 51, మిగిలిన 1 ఆకు సొంత వెలుగు. అంతే. కానీ ఇప్పుడు ఆ 11 బదులు మీ మెషిన్ 11.2 చదివిందనుకోండి, రెండు శాతం కూడా తప్పు లేదు, మళ్లీ లెక్క చేస్తే ఫ్లోరసెన్స్ 1.25 వస్తుంది. రెండు శాతం లోపు తప్పుకి జవాబులో 25 శాతం తప్పు. ఈ ఒక్క ముక్క మొదటి రోజే ఎవరన్నా నాకు కాగితం మీద చేసి చూపించి ఉంటే ఒక సీజన్ మిగిలేది.

మీ కెమెరాతో ఎందుకు కాదో కూడా ఇక్కడే తెలిసిపోతుంది. ఆ గొయ్యి వెడల్పు కొద్ది నానోమీటర్లే, మీ కెమెరా ఒక్కో బ్యాండు వెడల్పు పది నుంచి నలభై దాకా ఉంటుంది, అంటే మేళం ఆగిందో లేదో దానికి తెలిసే అవకాశమే లేదు. మేము వాడిన స్పెక్ట్రోమీటర్, అంటే వెలుగుని సన్నగా విడదీసి కొలిచే మెషిన్, 0.3 నానోమీటర్ల తేడా పట్టేది, అంత ఉంటేనే పని. మామూలు కెమెరా ఫొటోల మీద ఎర్ర రంగు పులిమి ఫ్లోరసెన్స్ మ్యాప్ అని అమ్మేవాళ్లు నాకు తగిలారు, అడిగితే లోపల ఉన్నది ఎన్‌డీవీఐ. అది పచ్చదనం కొలత, చెడ్డదేం కాదు, కానీ ఇది కాదు. ఇంకో పొరపాటు కూడా చాలామంది పడతారు, ఆకుకి క్లిప్పులా పెట్టి చూసే స్పాడ్ మీటర్ ఫ్లోరసెన్స్ కొలవదు, రెండు రంగుల వెలుగు ఆకులోంచి ఎంత దాటిందో చూసి క్లోరోఫిల్ ఎంత ఉందో చెప్తుంది. క్లోరోఫిల్ ఎంత ఉందనేది వేరు, అది ఇప్పుడు ఏం చేస్తోందనేది వేరు.

ఇక నా కథ. మొదటి సీజన్ జూలైలో చేను మధ్యలో స్తంభం, దాని మీద వెలుగుని మోసుకొచ్చే రెండు ఫైబర్లు, ఒకటి ఆకాశం వైపు, ఒకటి పంట వైపు, కింద చల్లటి పెట్టెలో స్పెక్ట్రోమీటర్. రోజూ మధ్యాహ్నం రెండు దాటాక ఫ్లోరసెన్స్ పైకి లేచేది. పొద్దున బాగానే ఉండి మధ్యాహ్నం ఎందుకు లేస్తోంది, ఇది ఎవరూ చూడని మధ్యాహ్నపు ఒత్తిడి అని నేను ఎగిరి గంతేసి, ఇంటికి ఫోన్ చేసి నాన్నకి కూడా చెప్పేసి, పన్నెండు స్లైడ్లు తయారుచేశా. మా గైడ్ మొత్తం ఓపిగ్గా విని, ఆ ఫైబర్‌ని రేపు చేను పక్కన కంకర రోడ్డు మీదికి తిప్పి పెట్టు అన్నారు, అంతే, ఇంకో మాట లేదు. తిప్పి పెట్టా. మధ్యాహ్నం రెండు దాటాక కంకర రోడ్డు కూడా ఫ్లోరసెన్స్ ఇవ్వడం మొదలుపెట్టింది. కంకర చక్కెర తయారుచేయదు కదా. పెట్టె తెరిచి చూస్తే ఫ్యాన్‌కి మొక్కజొన్న పుప్పొడి, దుమ్ము పట్టి ఆగిపోతూ ఉంది, మధ్యాహ్నానికి లోపల వేడెక్కి స్పెక్ట్రోమీటర్ చదివే తరంగదైర్ఘ్యం వెంట్రుకవాసి పక్కకి జరుగుతోంది, గొయ్యి అంచు నిటారుగా ఉంటుంది కాబట్టి వెంట్రుకవాసి జరిగినా లోతు మారిపోతుంది. పైన 11 బదులు 11.2 అన్నానే, అది ఇదే. ఆ రోజు నుంచి ఎవరు ఫ్లోరసెన్స్ గ్రాఫ్ చూపించినా నా మొదటి ప్రశ్న ఒకటే, ఉత్త నేల మీద ఎంత వచ్చింది? సున్నా దగ్గర రాకపోతే మిగతా మాటలు తర్వాత.

డ్రోన్ మీద ఆ ఖరీదైన స్పెక్ట్రోమీటరే పెట్టి ఎగరేసినా ఇంకో చిక్కుంది. గొయ్యి చేసేది గాలిలోని ఆక్సిజనే కదా, పంటకీ డ్రోన్‌కీ మధ్య ఉన్న గాలిలో కూడా అదే ఉంది, అది కూడా ఇంకొంచెం మింగుతుంది. పదిమీటర్లు దాటితే ఆ దిద్దుబాటు చేయాల్సిందే, యాభై మీటర్ల మీద ఎగరేసి మామూలు లెక్క వేస్తే ఫ్లోరసెన్స్ మైనస్‌లో కూడా రావొచ్చు, పంట మనకే బాకీ ఉన్నట్టు.

రెండో సీజన్‌లో మెషిన్ కుదిరింది, అప్పుడు ఇంకో రకం మోసపోవడం. పక్కనే ఉన్న టవర్ చేను ఎంత కార్బన్ డయాక్సైడ్ లాగుతోందో కొలిచేది. దాన్నీ మా ఫ్లోరసెన్స్‌నీ కలిపి గీస్తే చుక్కలన్నీ తాడు పట్టి గీసినట్టు ఒకే వరసలో పడ్డాయి. ఇక థీసిస్ అయిపోయినట్టే అనుకున్నా. తర్వాత బుర్ర పెట్టి చూస్తే, పొద్దున ఎండ తక్కువ, రెండూ తక్కువ, మధ్యాహ్నం ఎండ ఎక్కువ, రెండూ ఎక్కువ. సూర్యుడు పొద్దున్నే లేచి సాయంత్రం పడుకుంటాడని కనుక్కోడానికి నాకు రెండేళ్లు పట్టిందన్నమాట. నిజంగా ఆకు సంగతి తెలియాలంటే ఫ్లోరసెన్స్‌ని ఆకులు పట్టుకున్న వెలుగుతో భాగించాలి, ఆకుల గుంపులోంచి ఎంత బయటపడిందో అది కూడా సరిచేయాలి. అవి తీసేశాక మిగిలేది చాలా చిన్న మార్పు, బెట్ట కబురు ఉండేది ఆ చిన్న మార్పులోనే. పైగా పంట మారితే లెక్క మారుతుంది, అదే ఫ్లోరసెన్స్‌కి మొక్కజొన్న సోయా కంటే ఎక్కువ కార్బన్ పట్టుకుంటుంది, కార్బన్ పట్టే పద్ధతిలో ఇది సీ4 రకం, అది సీ3 రకం కాబట్టి. ఒక చేలో తీసిన గీత ఇంకో చేలో పెట్టకూడదు.

ఫ్లోరసెన్స్ ఎక్కువైతే పంట బాగున్నట్టా, బాలేనట్టా అని కూడా అడిగారు. దీనికి మూడో సీజన్‌లో ఒకే వారంలో రెండు ఎదురెదురు జవాబులు చూశా. ఒక చిన్న మడిలో డైయూరాన్ అనే కలుపు మందు కొట్టాం, కావాలనే. అది క్లోరోఫిల్ పట్టిన శక్తి చక్కెర వైపు వెళ్లే గేటు మూసేస్తుంది. బస్టాండ్‌లో బయటి గేటు మూస్తే బస్సులన్నీ లోపలే హారన్లు కొట్టినట్టు, ఆ పూటే ఫ్లోరసెన్స్ ఎగబాకింది. ఆకు రంగు అదే, ఎన్‌డీవీఐ అదే, ఫొటో తీసి పక్కపక్కన పెడితే ఏ మడి ఏదో నేను కూడా చెప్పలేను, కానీ లోపల వంట ఆగిపోయింది. అదే వారం చేను ఇంకో మూల, ఇసుక పాలు ఎక్కువున్న చోటు, వానలు మొహం చాటేసి బెట్టకొచ్చింది. అక్కడ మధ్యాహ్నం ఫ్లోరసెన్స్ తగ్గింది. ఇక్కడా వంట తగ్గుతోంది, కానీ మొక్క తెలివిగా మిగిలిన శక్తిని వేడి దారికి మళ్లించేసింది, దాంతో వెలుగు దారికి కూడా కోత పడింది. పైగా ఆకులు గొట్టంలా చుట్టుకున్నాయి, పట్టే ఎండే తగ్గింది. అంటే ఒక మడిలో పెరగడం జబ్బు, ఇంకో మడిలో తగ్గడం జబ్బు. వేడి దారి సంగతి చూడకుండా ఒక్క అంకెతో తీర్పు చెప్పేస్తే అటో ఇటో తప్పు పడుతుంది. ఆ వేడి దారి జాడ 531 నానోమీటర్ల దగ్గర ఆకు వెనక్కి కొట్టే వెలుగులో కొంత దొరుకుతుంది, అందుకే కొత్త పరికరాలు రెండూ కలిపి చూస్తాయి. (మన దగ్గర మొక్కజొన్న విత్తగానే కొట్టే అట్రాజిన్‌ది కూడా ఈ గేటు మూసే పనే, మొక్కజొన్న దాన్ని అరిగించుకుంటుంది, కలుపు అరిగించుకోలేదు. మీ మడిలో మందు కొట్టిన కలుపు ఉంటే దాని వెలుగు మీ పంట ఖాతాలో పడుతుంది, చూసుకోండి.)

ఇక శాటిలైట్లు. ఇక్కడ ఎకరాల్లో చెప్తా, అప్పుడే తెలుస్తుంది. జపాన్ వాళ్ల గోసాట్ 2009లో వెళ్లింది, కార్బన్ డయాక్సైడ్ కొలవడానికి పంపారు, 2011లో దాని డేటాలోంచే మొదటి ప్రపంచ ఫ్లోరసెన్స్ మ్యాపులు తీశారు, అనుకోకుండా దొరికిన కొసరు ఇది. అంతకు ముందే యూరప్ వాళ్లు పంపిన గోమ్-2లో ఒక్కో చుక్క (ఒక్క అంకెగా వచ్చే నేల ముక్క, పిక్సెల్) 40 కిలోమీటర్లకి 80, అంటే మన జిల్లా అంత. 2014లో వెళ్లిన నాసా ఓసీఓ-2 చుక్క 1.3కి 2.25 కిలోమీటర్లు, ఏడొందల ఎకరాల పైన, అది కూడా సన్నటి దారిలో మాత్రమే చూస్తుంది, మధ్యలో ఖాళీలు. 2017 అక్టోబర్‌లో వెళ్లిన యూరప్ శాటిలైట్ సెంటినెల్-5పీ మీద ఉన్న ట్రోపోమీ అనే పరికరం దాదాపు రోజూ అంతా చూస్తుంది కానీ చుక్క 5.5కి 3.5, సుమారు నాలుగు వేల ఏడొందల ఎకరాలు. ఇల్లినాయ్‌లో అయితే కనుచూపు మేర రెండే పంటలు, మొక్కజొన్న, సోయా, చదరపు మైలు గళ్లు గీసినట్టుంటాయి, అక్కడ ఈ చుక్కకి అర్థం ఉంది. తెనాలి వైపు నాలుగు వేల ఏడొందల ఎకరాల్లో మొక్కజొన్న, జొన్న, మినుము, అరటి, పసుపు, రెండు మూడు ఊళ్లు, ఒక కాలవ, అన్నీ ఒకే అంకెలో కలిసిపోతాయి, సాంబారే.

అలాగని దండగ అనట్లేదు. పెద్ద విస్తీర్ణంలో ఇది చూపించినవి గట్టివి. 2014లో వచ్చిన ఒక పరిశీలన ప్రకారం జూలైలో పంట మంచి ఊపులో ఉన్నప్పుడు అమెరికా మొక్కజొన్న ప్రాంతం అమెజాన్ అడవి కంటే 40 శాతం ఎక్కువ వెలుగుతుంది, నేను మొదట నమ్మలేదు, చేలో నిలబడితే మాత్రం నమ్మాలనిపించింది, ఆ జూలైలో రోజురోజుకీ పెరిగేది కంటికే కనపడుతుంది. 2019లో అక్కడ వరదల వల్ల విత్తడం ఆలస్యమైతే పంట కాలం పదహారు రోజులు వెనక్కి జరిగినట్టు ట్రోపోమీ ఫ్లోరసెన్స్‌లో తేలింది. మన దేశంలో 2010 మార్చి ఎండలకి గంగా మైదానంలో గోధుమ దెబ్బతిన్నప్పుడు పచ్చదనం సూచీల కంటే ముందు ఫ్లోరసెన్స్ పడిపోయిందని 2018లో పేపర్ వచ్చింది, మీ లిటరేచర్ రివ్యూలో అది తప్పకుండా ఉండాలి.

ఫ్లోరసెన్స్ కోసమే అని కడుతున్న మొదటి శాటిలైట్ యూరప్ వాళ్ల ఫ్లెక్స్. 2015లో ఎంపిక చేశారు, 2026లో ప్రయోగించాలని ప్లాన్, సెంటినెల్-3 అనే ఇంకో శాటిలైట్‌తో జంటగా తిరిగేలా కట్టారు, ఉదయం పది గంటల వేళ చూస్తుంది, చుక్క 300 మీటర్లు, అంటే ఇరవై రెండు ఎకరాలు. ఇది పెద్ద ముందడుగే, కానీ మా ఊళ్లో ఇరవై రెండు ఎకరాలంటే పది మంది రైతులు, ఒక్కొక్కరు ఒక్కో తేదీన విత్తినవాళ్లు. పైగా అదే చోటికి మళ్లీ రావడానికి 27 రోజులు, నూటపది రోజుల పంటలో నాలుగు చూపులు, ఖరీఫ్ అయితే వాటిల్లో రెండు మబ్బులకే పోతాయి. రబీ మొక్కజొన్నకి కొంత నయం.

నాన్నకి ఇదంతా చెప్తే, పదకొండింటికి చేలోకి వెళ్లి ఆకు చుట్టుకుందో లేదో చూస్తే తెలీదా దీనికి శాటిలైట్ ఎందుకు అన్నారు. రెండెకరాల రైతుకి ఆయన మాటే కరెక్టు, ఇవాళ్టికి. మండలం, జిల్లా స్థాయిలో దిగుబడి ముందుగా అంచనా వేసేవాళ్లకి నా మాట కరెక్టు.

మీ ప్రాజెక్టుకొస్తే, నేనైతే ఇలా చేస్తా. డిపార్ట్‌మెంట్‌లోనో పక్క యూనివర్సిటీలోనో ఆకు దగ్గర పెట్టి ఫ్లోరసెన్స్ కొలిచే, చేత్తో పట్టుకునే ఫ్లోరోమీటర్ ఉంటుంది, ఫిజియాలజీ వాళ్లని అడగండి, బీరువాలో పడుంటుంది. పూత దశకి ముందు కొన్ని మడులకి తడి ఆపేసి, కొన్నిటికి మామూలుగా ఇచ్చి, పైనుంచి రెండు మూడు ఆకుల్లో రోజూ ఒకే వేళకి, పదకొండు నుంచి ఒంటిగంట లోపు కొలవండి. అందరూ చేసే తప్పు ఏంటంటే ఆకుని ఇరవై ముప్పై నిమిషాలు చీకట్లో ఉంచి తీసే ఎఫ్‌వీ బై ఎఫ్‌ఎం అనే నిష్పత్తి ఒక్కటే రాసుకుంటారు, ఆరోగ్యమైన ఆకులో అది 0.83 దగ్గర ఉంటుంది, మామూలు బెట్టకి అది కదలనే కదలదు, మొక్క సగం చచ్చాక గానీ పడదు, అప్పటికి నాన్న కూడా చెప్పగలరు. ఎండలో ఉండగానే తీసే ఫొటోసిస్టమ్ 2 సామర్థ్యం (పట్టిన వెలుగులో చక్కెర దారికి ఎంత పోతోందో), వేడి దారి కొలత, ఈ రెండూ తీయండి. పక్కనే ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో ఆకు వేడి, ఆగర్‌తో తీసిన మట్టిలో తేమ. డ్రోన్ మానొద్దు, అదే రోజుల్లో ఎగరేసి ఎన్‌డీవీఐ తీయండి, ఫ్లోరోమీటర్ కదిలిన ఎన్నో రోజుకి పచ్చదనం కదిలిందో చూపిస్తే అదే మంచి థీసిస్ అవుతుంది. పది మీటర్ల చుక్క ఉన్న సెంటినెల్-2 శాటిలైట్ ఫొటోలు ఉచితం, అది కూడా పక్కన పెట్టుకోండి. ట్రోపోమీని మీ మడులకి కాకుండా మొత్తం జిల్లా మొక్కజొన్న సీజన్ ఎలా నడిచిందో ఒక చాప్టర్‌కి వాడుకోండి.

ఎండ ఎంత పడుతోందో పోల్చుకోడానికి పెట్టే తెల్ల ప్యానెల్‌ని మాత్రం వాడని ప్రతి నిమిషం మూతపెట్టి ఉంచండి. మాది ఒకసారి కొంగ పాడుచేసింది, దాని మీద గీసిన మూడు రోజుల గ్రాఫులు ఇంకా నా ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, చాలా అందంగా ఉంటాయి.